డాష్ కింది చీటీ

మాక్సిన్ చెప్పిందట, ఇండియానాలో పాత బళ్ల ముక్కలమ్మే తుక్కు యార్డువాడెవడో గ్లెండాని నిలువునా ముంచాడని. ఒకసారి కాదట, రెండుసార్లట. ఆడమనిషి, ఒక్కతే ఉంటోంది, ఏ ముక్క పంపినా నోరుమూసుకుని తీసుకుంటుందిలే అనుకున్నాడట వెధవ. పక్కన వెండెల్ లాంటివాడు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ మనిషి ఈ మైదానంలోనే గడ్డకట్టుకుపోయేదట. బట్టలుతికే గదిలో మాక్సిన్ అన్న ఈ మాటలన్నీ మా ఆవిడ లోర్నా తడిబట్టల బుట్టతో పాటు మోసుకొచ్చి, మొహం చాటంత చేసుకుని నాకు చెప్పింది.

వెండెల్ అంటే నేనే. షిఫ్టుకి బూట్లు కట్టుకుంటున్నాను. తలెత్తితే ఆవిడ మొహం చూడాలి కాబట్టి ఒక్క లేసు ముడికి అయిదు నిమిషాలు తీసుకున్నాను.

ఇండియానావాడు ఎవర్నీ ముంచలేదు. ముంచింది నేను.

మేమంతా బీట్ దుంపల కోతకి వచ్చినవాళ్లం. ఏటా సెప్టెంబరు ఆఖరుకి ఎక్కడెక్కడి నుంచో రెడ్ రివర్ లోయకి చేరతాం. సంత జరిగే మైదానంలో మా ఇళ్లబళ్లు వరసగా పెట్టుకుని, రోజుకి పన్నెండేసి గంటలు నిలబడి, చక్కెర ఫ్యాక్టరీకి దుంపలు గుట్టలుగా పోసి, చలికి నీళ్ల గొట్టాలు గడ్డకట్టేలోపు దక్షిణానికి పారిపోతాం. అందరం నెరిసిన తలలవాళ్లమే. ఇల్లు అమ్ముకున్నవాళ్లు కొందరు, ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు కొందరు. ఎవరు ఏ రకమో అడగకపోవడం ఇక్కడి మర్యాద.

గ్లెండాకి డెబ్బై ఒకటి. లారీ లారీకీ దుంపల నమూనా సంచిలో పట్టి చీటీ కట్టే పని ఆమెది. ఆమె మోటార్‌హోమ్‌కి ముప్ఫై నాలుగేళ్లు. నవంబరు ఒకటో తేదీకల్లా టెక్సస్‌లో ఒక పార్కుకి చేరుకోవాలి. అక్కడ గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకుంటే బండి పెట్టుకోవడానికి చోటు, కరెంటు, నీళ్లు చలికాలమంతా ఉచితం. ఒకటో తేదీకి చేరకపోతే ఆ చోటు జాబితాలో తర్వాతి మనిషిది. ఇక్కడేమో అక్టోబరు ఇరవై నాలుగున నీళ్లు కట్టేస్తారు. ఆ రెంటి మధ్యా ఆమెకి వేరే ఇల్లు లేదు.

కోత మొదలవకముందే ఒక పొద్దున కాఫీ దగ్గర నన్ను పట్టుకుంది.

"వెండెల్, నా బండికి కళ్లు కనబడట్లేదయ్యా. హీటరు గాలి మొహానికి కొడుతోంది తప్ప ముందు అద్దానికి ఎక్కట్లేదు. మీట ఎటు జరిపినా అంతే. మిసోరి నుంచి ఇక్కడిదాకా ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో తువ్వాలు. ఊపిరి బిగబట్టి నడిపాను, వదిలితే అద్దానికి ఆవిరి పడుతుందని."

నన్నే ఎందుకు అడిగిందంటే, నేను అయోవాలో ముప్ఫై ఒక్క ఏళ్లు ట్రాక్టర్ల దుకాణంలో విడిభాగాల కౌంటరు వెనక నిలబడ్డవాణ్ణి. రైతులు గ్రీజు కారే విరిగిన ముక్క తెచ్చి బల్ల మీద పడేస్తే, చేత్తో తిప్పి చూసి నెంబరు చెప్పేవాణ్ణి. పుస్తకం తియ్యకుండా. పాత ముక్క తేకుండా ఉత్త చేతులతో వచ్చినవాణ్ణి మాత్రం నలుగురిలో కడిగేసేవాణ్ణి. "శవం లేకుండా ఎవరు చచ్చారో చెప్పమంటావేంట్రా?" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. వాడు మళ్లీ నలభై మైళ్లు వెనక్కి పోయి ఆ ముక్క తెచ్చేవాడు. ఈ కథలన్నీ ఈ మైదానంలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

గ్లెండా బండి ఎక్కాను. వెనకాలే మాక్సిన్ కూడా ఎక్కింది, ఎవరింట్లో ఏముందో చూడ్డానికి ఆమెకి ఏ వంకైనా చాలు. స్టీరింగు మధ్యలో ట్రక్కు కంపెనీ గుర్తు ఉంది. దాని పక్కన హీటరు మీటల పలక. గాలి ఎటు పోవాలో జరిపే మీట ఒకటి, ఫ్యాను తిప్పే బొత్తాం ఒకటి, చలి–వేడి మీట ఇంకోటి. అలాంటివి వందల బళ్లలో చూశాను.

"ఇది వాళ్ల వ్యాన్‌ది. ఆ ఏడాది వ్యాన్లన్నిటికీ ఇదే పలక. పాడైంది ఇదే, ఇంకోటి తెప్పించి వెయ్యాలి" అన్నాను. నెంబరు కూడా చెప్పాను, గుర్తున్నంతలో.

"చూశావా గ్లెండా, నెంబరు నోట్లోంచి ఊడిపడుతోంది!" అని మాక్సిన్ చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లే నా కొంప ముంచాయి.

పాత మోటార్‌హోమ్‌కి తండ్రి ఒక్కడు కాదు. చక్రాలూ ఇంజనూ ఒకడివి. ఆ పైన ఇల్లు కట్టినవాడు ఇంకొకడు. డాష్‌బోర్డు ఇల్లు కట్టినవాడిది. వాడు హీటరు పెట్టెని మీటలతో సహా మూడోవాడి దగ్గర కొని లోపల బిగిస్తాడు. అందుకే స్టీరింగు మీది గుర్తు చూసి హీటరుది చెప్పకూడదు. డాష్ కింద దూరి, పెట్టె మీద అంటించిన చీటీ చదవాలి. ఈ సంగతి నాకు తెలియదని అనను. కౌంటరు మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? వంగాలంటే మోకాళ్లు నొప్పి. వంగినా ఆ చిన్న అక్షరాలు కళ్లజోడు లేకుండా కనపడవు. మాక్సిన్ ముందు జేబులోంచి కళ్లజోడు తియ్యడం ఎందుకనిపించింది. అంతే.

ఆ ఊపులోనే పలక ఊడబెరికాను. దాని వెనక అయిదు సన్నటి గాలి గొట్టాలు, రంగురంగులవి. ఇంజను గాలి పీల్చే బలంతో అవి పెట్టె లోపలి తలుపుల్ని తెరిచి మూస్తాయి. గాలి కాళ్లకా, మొహానికా, అద్దానికా అన్నది తేల్చేవి అవే. ఏది ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకోకుండా అయిదూ లాగేశాను.

"ఈ పాతది దాచమంటావా?" అంది గ్లెండా.

"కొత్తది వస్తుంటే శవంతో ఏం పని?" అని చెత్త తొట్టిలో నేనే వేశాను. బుధవారం బండి వచ్చి తొట్టి ఎత్తుకుపోయింది.

ఇండియానా యార్డుకి ఫోన్ చేసి నెంబరు చెప్పింది నేనే. ఎనిమిది రోజులకి ముక్క వచ్చింది. పెట్టి చూస్తే చోటు కంటే రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ. వెనక గొట్టాలు తగిలించే మొనలు నాలుగే. మా చేతిలో గొట్టాలు అయిదు.

గ్లెండా నా మొహంలోకి చూస్తోంది. ఒక్క మాట చాలు. "నేను పొరబడ్డాను" అంటే అయిపోయేది. నా నోట్లోంచి వచ్చింది ఇంకోటి.

"వాడు తప్పుది పంపాడు."

అబద్ధం ఆడ్డానికి ఎంత బలం కావాలో అనుకుంటాం గానీ, తుమ్మినంత తేలిగ్గా వచ్చేస్తుంది.

గ్లెండా అక్కడికక్కడే ఫోన్ తీసి స్పీకరు పెట్టింది. అవతలి మనిషి పేరు లోవెల్. గొంతు వింటే నా వయసువాడే అనిపించింది.

"ఏమయ్యా, ముసలిదాన్ని చేసి ఆడిస్తున్నావా? అడిగిందేంటి, నువ్వు పంపిందేంటి? నీకు తల్లి లేదూ? సిగ్గుండక్కర్లేదూ?" ఆమె అలా దులుపుతూనే ఉంది. అతను ఊఁ కొడుతూ వింటూనే ఉన్నాడు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అన్నాడు.

"మేడమ్, కోపం రావడంలో తప్పులేదండి. ఒక్క పని చెయ్యండి. మీది మోటార్‌హోమ్ అంటున్నారు కదా. డాష్ కింద నల్లటి పెట్టె ఉంటుంది, దాని పక్కన చీటీ ఉంటుంది. దాని మీద పేరు చదివి చెప్తే..."

గ్లెండా నా వైపు చూసింది, ఏమంటావని. నేను చెయ్యి అడ్డంగా ఊపాను. 'తప్పించుకోడానికి చూస్తున్నాడు' అని పెదాలతో అన్నాను.

"చీటీలూ వద్దు, గీటీలూ వద్దు. అడిగింది పంపు!" అంది గ్లెండా.

"అలాగే మేడమ్. అదే నెంబరుది ఇంకోటి పంపుతాను. దీనికి ఏమీ ఇవ్వక్కర్లేదు" అన్నాడు లోవెల్.

రెండోది వచ్చింది. అదే వెడల్పు, అవే నాలుగు మొనలు. రాక ఇంకేమవుతుంది? అడిగింది అదే కదా. మాక్సిన్ బట్టల గది కబురు పుట్టింది దీని తర్వాతే.

పదిహేడో తారీకున వాన కురిసి కోత ఆగింది. బురదలో దుంపలు తవ్వలేరు. మధ్యాహ్నం గ్లెండా మా తలుపు తట్టింది. చొక్కా అంతా దుమ్ము, జుట్టులో సాలెగూడు, చేతిలో ఫోను.

"డాష్ కింద దూరాను వెండెల్. ఆయన చెప్పిన చోటే ఉంది చీటీ. చూడు, ఫోటో తీశాను. ఈ పేరు ట్రక్కు కంపెనీది కాదు. ఎవరిదో."

ఫోటో పెద్దది చేసి నా కళ్ల ముందు పెట్టింది. నేను కళ్లజోడు పెట్టుకుని చదివాను. ఇరవై రోజుల కింద చెయ్యాల్సిన పని.

"అంత తిట్టినా ఆ మనిషి మంచి మాటే చెప్పాడు" అంది.

నేను "ఊఁ" అన్నాను. లోర్నా వెనక నుంచి "పాపం" అంది. ఎవర్ని గురించో తెలియలేదు.

మర్నాడు నా పికప్‌లో గ్లెండాని తీసుకుని అరవై మైళ్ల అవతల పాత మోటార్‌హోమ్‌లు విప్పి అమ్మే యార్డుకి వెళ్లాను. కౌంటరు వెనక మారిట్ అని ముప్ఫై ఏళ్ల అమ్మాయి. చెవి మీద పెన్సిలు, గోళ్లలో గ్రీజు. చీటీ ఫోటో చూసి తలూపింది.

"ఈ పెట్టెకి మూడు రకాల పలకలు పెట్టారండి. ముందు నుంచి చూస్తే మూడూ ఒకటే. వెనక మొనల్లో తేడా. పాతది ఇలా ఇవ్వండి, పక్కన పెట్టి చూస్తే నిమిషం పని."

నేను బల్ల వైపు చూశాను. బల్ల మీద నా ఉత్త చేతులు ఉన్నాయి.

"లేదు" అన్నాను.

"బండిలో ఉందా?"

"పారేశాం."

మారిట్ పెన్సిలు చెవి మీంచి తీసి మళ్లీ పెట్టుకుంది. నన్ను నలుగురిలో కడగలేదు. అక్కడ ఇంకో ఇద్దరు ఉన్నారు, కడిగితే నవ్వేవాళ్లు. ఆ పిల్ల అలాంటిది కాదు.

"పోనీ ఫోటో? గొట్టాలు ఏ రంగుది ఎక్కడో రాసుకున్నారా?"

"లేదు."

"ఇంతకుముందు ఎక్కడైనా తెప్పించి చూశారా అండి?"

"ఇండియానాలో లోవెల్ అని" అంది గ్లెండా. "రెండుసార్లు తప్పు పంపాడు."

"లోవెలా?" మారిట్ తల వెనక్కి తీసుకుంది. "మాకూ ఆయన దగ్గర్నుంచి వస్తుంటాయి మేడమ్. అడిగిన నెంబరు అడిగినట్టు పంపుతాడు. అటూ ఇటూ చెయ్యడు. మీరు ఏ నెంబరు చెప్పారు?"

గ్లెండా నా వైపు తిరిగింది. ఇప్పుడైనా చెప్పొచ్చు. తలుపు తెరిచి పట్టుకుని నిలబడినట్టు ఉన్నారు ఇద్దరూ.

"రాసుకున్న కాయితం పోయింది" అన్నాను.

మారిట్ లోపలికెళ్లి మూడు పలకలూ తెచ్చింది. మూడూ తీసుకెళ్లండి, సరిపోనివి వెనక్కి ఇవ్వండి అంది. నల్ల గొట్టం ఇంజను నుంచి వచ్చేది, దాన్ని నడిమి మొనకే పెట్టాలి, మిగతావి పెట్టి చూసుకోవాల్సిందే అంది. కట్టి ఇస్తూ, మాట కలపడానికి కాబోలు, నన్నడిగింది.

"మీరు ఇదివరకు ఏం చేసేవారు సర్?"

"వ్యవసాయం" అన్నాను.

కౌంటరు వెనక నేను నిలబడ్డది ఒకటీ రెండూ కాదు, ముప్ఫై ఒక్క ఏళ్లు. చొక్కా మీద నా పేరు కుట్టి ఉండేది. నేను వెళ్లిపోయేరోజు యజమాని అందరి ముందు కేకు కోయించాడు. ఆ బతుకంతా ఆ పిల్ల ముందు నాది కాదన్నాను, ఆ బల్లకి ఇవతల ఉత్త చేతులతో నిలబడ్డవాడు కౌంటరు మనిషని తెలియకుండా ఉండడానికి.

గ్లెండా కిటికీ అవతలి బురద చూస్తూ నిలబడింది.

తిరిగొచ్చేటప్పుడు ఇరవై మైళ్లు దాటాం. వైపర్లు కొట్టుకుంటున్నాయి. ఉన్నట్టుండి అడిగింది.

"ఏం పండించేవాడివి వెండెల్?"

నేను రోడ్డు చూస్తూ పోయాను.

"మొక్కజొన్నా? సోయానా?"

నేను వైపర్ల జోరు పెంచాను. ఆమె మళ్లీ అడగలేదు, నవ్వలేదు కూడా. నవ్వినా బావుండేది.

ఆ సాయంత్రమే కూర్చున్నాం పలకతో. కూర్చుంది ఆమె, డ్రైవరు సీట్లో, అరచెయ్యి అద్దానికి దగ్గరగా పెట్టి. నేను డాష్ కింద వెల్లకిలా, మొహాన కళ్లజోడు, నోట్లో టార్చి. మొదటి పలకకి మొనలు అయిదు లేవు. రెండోదానికి ఉన్నాయి. నల్లది నడిమికి పెట్టాను. మిగతా నాలుగూ మార్చి మార్చి పెట్టాలి.

"ఇప్పుడు?"

"కాళ్లకి."

"ఇప్పుడు?"

"మొహానికి. మళ్లీ అదే."

"ఇది?"

"ఎటూ లేదు. చచ్చింది."

పైన ఆమె గొంతు, కింద నా గొంతు. ఒకరి మొహం ఒకరికి కనపడదు. ఆ మాత్రం మరుగు ఉన్నా నాకు నోరు రాలేదు. పధ్నాలుగోసారో పదిహేనోసారో సీటు కిర్రుమంది. అద్దానికి చెయ్యి ఆనించిన చప్పుడు వినిపించింది.

"వెచ్చగా ఉంది" అంది. "వెండెల్, అద్దం మీదికి వస్తోంది. కింది అంచు నుంచి ఆవిరి కరిగిపోతోంది చూడు."

నేను చూడలేదు. కాసేపు అక్కడే పడుకుని ఉన్నాను.

కోత ఇరవై మూడుకి పూర్తయింది. మర్నాడు పొద్దున మైదానం వంటశాలలో అందరికీ ఆఖరి పాన్‌కేకులు. అక్కడ గోడకి నోటీసు బోర్డు ఉంది. మాక్సిన్ రెండు రోజుల కిందే దాని మీద కాయితం అంటించింది. లోవెల్ యార్డు పేరూ, ఫోన్ నెంబరూ రాసి, 'వీడి దగ్గర కొనకండి, ఆడవాళ్లని మోసం చేస్తాడు' అని. మొదటిరోజు ఎవరూ చూడకుండా నేను దాన్ని పీకి జేబులో కుక్కుకున్నాను. నా మట్టుకు అదే పెద్ద ప్రాయశ్చిత్తం అనుకున్నాను. సాయంత్రానికి మాక్సిన్ ఇంకా పెద్ద అక్షరాలతో ఇంకోటి రాసి, నాలుగు మూలలా మేకులు కొట్టింది. ఇప్పుడు జనం పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడి అది చదువుతున్నారు. ఒకాయన జేబులోంచి పెన్ను తీసి చేతి మీద ఆ పేరు రాసుకుంటున్నాడు, తన తమ్ముడికి కూడా చెప్తానంటూ.

గ్లెండా బండి బయట ఇంజను నడుస్తూ ఉంది. ఆమె వీడ్కోలు చెప్పడానికి వచ్చింది, కోటు బొత్తాలు పెట్టుకుని. మాక్సిన్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, నా వైపు చూపించి, గొంతు పెంచింది.

"ఈ మహానుభావుడే లేకపోతే ఏమైపోయేదానివే? వెండెల్, నువ్వు ఇంకో యార్డుకి తీసుకెళ్లబట్టి గానీ, లేకపోతే ఆ దొంగ..."

"అతను దొంగ కాదు" అన్నాను.

నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. లోర్నా పళ్లెం కింద పెట్టింది. పెన్ను పట్టుకున్నాయన ఆగాడు.

"గ్లెండా, నెంబరు తప్పు చెప్పింది నేను. చీటీ చూడలేదు. చూసినట్టు మాట్లాడాను. పాతది పారేసింది నేనే, గొట్టాలు లాగింది నేనే. ఆయన ఫోన్లో సరిగ్గానే చెప్పాడు, నేనే నీకు చెయ్యి ఊపాను వద్దని. ఆయన నేనడిగిందే పంపాడు. రెండుసార్లూ. నీకు ఈ మాట మొదటిరోజే చెప్పాల్సింది. నన్ను క్షమించు."

అంతా ఒక్క ఊపిరిలో అనేశాను. అనేశాక ఏదో దిగిపోతుందని అనుకున్నాను, అలాగే అంటారు కదా. గ్లెండా ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. మాక్సిన్ చెయ్యి తన భుజం మీంచి తీసి పక్కన పెట్టింది. నోటీసు బోర్డు వైపు ఒకసారి చూసింది. తర్వాత నన్ను.

"నాకెందుకు చెప్తున్నావయ్యా?" అంది. "తిట్లు తిన్నది నేనా?"